మీ వాడికి పుస్తకం తర్వాత కొనండి, ముందు కాగితం ఇవ్వండి

అబ్బాయి ఏడో తరగతి, పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టడు, సొంతంగా నాలుగు లైన్లు రాయమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, చదవడం మీదా రాయడం మీదా ఇష్టం ఎట్లా పుట్టించాలి అని అడిగారు మీరు. పైన జవాబులన్నీ చూశాను. అందరూ పుస్తకాల పట్టీలే ఇచ్చారు, సగంమంది చందమామ ఆగిపోయిందని ఏడ్చారు. అది ఆగి పదేళ్ళు దాటింది సామీ, ఇప్పుడు ఏడో తరగతి పిల్లోడు దాని మొహం కూడా చూసుండడు. మన చిన్నతనం మీద మనకున్న బెంగని వాడి నెత్తిన రుద్దితే వాడేం చేస్తాడు?

నేను టీచర్ని కాదు. కావలిలో ఒక హైస్కూలు ఎదురుగా పద్దెనిమిదేళ్ళ నుంచి జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పిలకాయలు ఏం చదువుతారో, ఏం రాస్తారో, ముఖ్యంగా ఏం రాయకుండా తప్పించుకుంటారో వాళ్ళ టీచర్లకంటే నాకే బాగా తెలుసని నా గట్టి నమ్మకం. ఎందుకంటే దొంగతనాలన్నీ నా కౌంటరు మీదే జరుగుతాయి.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన పోటీ ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఒకడు గైడు తెస్తాడు, అందులో ఒకే పేజీ, ముప్పై కాపీలు. ఒక ఏడు విషయం ‘గ్రంథాలయాల ఆవశ్యకత’. ఆ ముప్పైమందిలో గ్రంథాలయం గడప తొక్కినోడు ఒక్కడూ లేడు. అడిగితే ‘‘అదెప్పుడూ మూసే ఉంటది కదన్నా’’ అన్నారు. వాళ్ళదీ తప్పుకాదు. ఇంటి పన్ను కట్టినప్పుడల్లా రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద మన దగ్గర తీసుకుంటారు, రసీదు చూసుకోండి, ఉంటుంది. నేను సక్రమంగా కడుతున్నాను. ఆ పైసలతో ఆదివారం తాళం తీసే మనిషిని పెట్టలేరా అని ఎప్పటినుంచో అడగాలనుంది, ఎవర్నడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నా. ఇంకో సంగతి. ఒకసారి గైడులో ‘కాలుష్యం’ అచ్చుతప్పు పడి ‘కాలష్యం’ అయింది. ఆ ఏడు క్లాసు క్లాసంతా కాలష్యమే రాశారు. దిద్దినాయన టిక్కులు పెట్టుకుంటా పోయాడు.

సరే, మీ ప్రశ్నకొస్తా. నాలుగేళ్ళ కింద దసరా సెలవులు అయ్యాక ఎనిమిదో తరగతి పిల్లోడు ఒకడొచ్చాడు. అల్లూరు వైపు నుంచి బస్సులో వస్తాడు. ‘సెలవులు ఎలా గడిపాను’ అని రెండు పేజీలు రాసుకు రమ్మన్నారంట, గైడులో ఉందేమో చూడన్నా అని అడిగాడు. గైడులో ఉంది. ఆ గైడులో పిల్లోడు తాతగారి ఊరు పోతాడు, మామిడితోటలో ఆడుకుంటాడు, నాయనమ్మ నీతికథలు చెబుతుంది. దసరాకి మామిడితోటలో ఏముంటుందో ఆ రాసినాయనకే తెలియాలి. షాపులో జనం లేరు, ‘‘నువ్వేం చేశావురా సెలవుల్లో?’’ అన్నాను. ‘‘ఏం చెయ్యలేదన్నా. గుంటకాడ పడుకున్నా’’ అన్నాడు.

గుంట అంటే రొయ్యల గుంట. మా కోస్తా వైపు చెరువు అనరు. వాళ్ళ నాయన కౌలుకి తీసుకోని వెనామీ రకం రొయ్య వేశాడు. కాపలాకి పిల్లోణ్ణి కూడా తీసుకుపోయాడు. ఏం చేస్తార్రా రాత్రంతా అంటే వాడు చెప్పుకుంటా పోయాడు, నేను మిషను ఆపేసి విన్నాను. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గుతుందంట. ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్ళని చిలికి గాలి కలిపే మిషన్లు) ఆగితే, జనరేటరు ఎక్కకపోతే, కొన్ని గంటల్లోనే లక్షలు పోతాయి. చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా లేదా చూడటం, రొయ్య పేగు నిండుగా ఉందా అని వెలుతురుకి పెట్టి చూడటం, తెల్లమచ్చ అనే రొయ్యల రోగం పేరు గట్టు మీద ఎవరూ పైకి అనకపోవడం. ఇన్ని తెలిసినోడు ‘ఏం చెయ్యలేదన్నా’ అంటాడు! మామిడితోటలో ఆడుకుంటేనే ఏదో చేసినట్టని ఎవరు నేర్పారు వాడికి?

‘‘ఇదే రాయరా’’ అన్నాను. ‘‘ఇది రాస్తారా అన్నా?’’ అన్నాడు. వాడి మొహం ఇంకా గుర్తుంది. నా దగ్గర ఒకపక్క పాడైన కాగితాలు కట్టలు కట్టలు ఉంటాయి (ఆధార్ కాపీలు కాదులెండి, ముద్ర సరిగా పడని క్వశ్చన్ పేపర్లు). ఒక ఇరవై తీసి పిన్ను కొట్టిచ్చాను. పాడైపోయినా ఫరవాలేదు, మళ్ళీ ఇస్తా అన్నాను. కొత్త నోట్సు ఇస్తే పిలకాయలు చెయ్యి ఆడించరు. మొదటి పేజీ అందంగా రాయాలన్న భయంతోనే ఆగిపోతారు. చెత్త కాగితం మీద ఆ భయం ఉండదు. ఇది నేను కనిపెట్టిందే, కావాలంటే వాడుకోండి.

మర్నాడు తెచ్చాడు. ఒకటింబావు పేజీ. అందులో ఈ ముక్క నాకు నోటికొచ్చు:

‘‘మా గుంటకాడ రెండు ఏరియేటర్లు తిరగతా ఉంటాయి. ఆ మోతలో మా నాయన నిద్రపోతాడు. మోత ఆగితే లేస్తాడు. కరెంటు పోయిందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. టార్చిలైటు నీళ్ళ మీద వేసి చూస్తాడు. రొయ్యలు పైకొచ్చి ఉంటే మా నాయన ఎవరితో మాట్లాడడు. ఆ రోజు నాతో మాట్లాడాడు.’’

చివరి వాక్యం చదివాక నేను టీ తాగడం మర్చిపోయాను.

స్కూల్లో పదికి నాలుగొచ్చాయి. ‘నాయన’ కొట్టేసి ఎర్రసిరాతో ‘నాన్నగారు’. ‘గుంటకాడ’ కొట్టేసి ‘చెరువు వద్ద’. ‘తిరగతా’ కింద రెండు గీతలు. అడుగున ‘పుస్తక భాషలో రాయవలెను, సెలవుల గురించి రాయలేదు’. తిక్కన సోమయాజి భారతం పదిహేను పర్వాలు తెలుగు చేసింది మా నెల్లూరులోనే. ఆయన పద్యాల్లో మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నట్టు ఉంటుందని పండితులే చెబుతారు. ఆ జిల్లాలో పిల్లోడు ‘నాయన’ అంటే తప్పయింది. ఆ టీచరు మీద నాకు కోపం లేదు, యాభై నోట్సులు దిద్దాలి పాపం. ఎర్రపెన్ను మీద కోపం. రాయడం అంటే ఇష్టం లేని పిల్లోడు ఉండడండీ. రాసింది చదవకుండా దిద్దితే మాత్రం ఎవడైనా మానేస్తాడు.

ఆ కాగితాన్ని దిద్దకముందే నేనొక కాపీ తీసుకున్నాను. దాన్ని కౌంటరు మీద తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీశాను. పేరు తీసేశాను. సాయంత్రం నాలుగున్నరకి బెల్లు కొడితే నా షాపు ముందర తిరణాలే, కాపీ చేతికొచ్చేదాకా పిలకాయలు ఊరికే నిలబడాల్సిందే. నిలబడి చదివారు. మూడో రోజు ఒకడు పక్కోడికి చదివి వినిపిస్తున్నాడు. వారం తిరక్కముందే ‘‘నాదీ పెట్టన్నా’’ అని ఒక కాగితం, తర్వాత ఇంకోటి. హాస్టల్లో ఉండే ఉదయగిరి అమ్మాయి ఒకటిచ్చింది. వాళ్ళమ్మ చెక్క గరిటెలకి పూలు చెక్కుతుంది. అందులో ఒక గరిటె అమ్ముడుపోకుండా ఇంట్లోనే ఉండాలని వంకర తిరిగి కూర్చుంటుంది, అదీ కథ. ఇంకొకడు మా షాపులో ఫ్యాను గురించి రాశాడు, నన్ను తిడతా. అదీ పెట్టాను.

ఇక్కడ మీకు ముఖ్యమైన సంగతి. అంతకు రెండేళ్ళ ముందు నేను నెల్లూరు పోయి సొంత డబ్బుతో నలభై పిల్లల పుస్తకాలు కొనుక్కొచ్చి షాపులో అలమర పెట్టాను. రంగుల అట్టలు, బొమ్మలు, ఊరికే తీసుకుపోయి చదవండి అన్నాను. ఒక్కడూ ముట్టలేదు. ఒకమ్మ అయితే ‘‘మావాణ్ణి ఫౌండేషన్ కోర్సులో చేర్చాం, ఇట్టాంటివి ఇచ్చి పాడుచెయ్యబాకన్నా’’ అని వార్నింగిచ్చి పోయింది. (ఆరో తరగతికి ఐఐటీ ఫౌండేషన్ ఏంది? పునాది తవ్వతా తవ్వతా ఇల్లు ఎప్పుడు కడతారు? దాని గురించి వేరే రాస్తాలెండి.) తీగకి కాగితాలు వేలాడటం మొదలయ్యాకనే ఆ అలమర కదిలింది. తను ఒక కథ రాసినోడికి ఎదుటోడు ఎట్లా రాశాడో చూడాలనే దురద పుడుతుంది. అందరూ ‘ముందు చదివించండి, రాయడం దానంతటదే వస్తుంది’ అంటారు. నేను తలకిందులంటాను. ముందు రాయనివ్వండి, రాసింది పదిమంది కంట పడనివ్వండి. కావాలంటే స్టాంపు పేపరు మీద రాసిస్తా.

తన బతుకు కాగితం మీద కనబడితే ఎవరికైనా చదవాలనిపిస్తుందనడానికి మా అమ్మే సాక్ష్యం. 1991లో మా జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రిబళ్ళు పెట్టినప్పుడు నాది ఐదో తరగతి. మాది కలిగిరి వైపు పల్లె. అమ్మ పొలంనుంచొచ్చి, సంగటి దించి, లాంతరు తీసుకోని బడికి పోయేది, వెనకాల నేను. వాచకంలో సారా మీద పాఠం వచ్చింది. అమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా మొత్తం చదివి, తలెత్తి ‘‘ఈ పుస్తకం రాసినోళ్ళకి మనూరి సంగతి ఎవురు చెప్పార్రా?’’ అంది. మా మండలంలోనే దూబగుంట. అక్కడి ఆడవాళ్ళు ఆ బళ్ళలో కూడిన గుంపే సారా దుకాణం మీదకి పోయింది, 1992లో జిల్లా అంతా అంటుకుంది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్ళకి ఎవరూ ‘చదవడం మీద ఆసక్తి’ పుట్టించలేదు. పుస్తకంలో వాళ్ళిల్లు కనబడింది, అంతే. మీ వాడి పుస్తకాల్లో మీ ఇల్లు ఎక్కడన్నా ఉందా, ఒకసారి తిరగేసి చూడండి.

ఆ రొయ్యల పిల్లోడి సంగతి పూర్తి చెయ్యలేదు. రెండు నెలలకి వాళ్ళ నాయన పాసుపుస్తకం జిరాక్సుకొచ్చాడు. నేను గుర్తుపట్టి తీగ మీద కాగితం చూపించాను. ఆయనకి చదవడం సరిగా రాదు, చదివి చెప్పమన్నాడు. చెప్పాను. మోత ఆగితే లేస్తాడు అన్నకాడ ఆపమన్నాడు.

‘‘లేచేదేందబ్బయ్యా,’’ అన్నాడు, ‘‘పంట తీసేదాకా నేను నిద్రపోతే గదా. వాడు భయపడతాడని కళ్ళు మూసుకోని పడుకుంటా.’’

సాయంత్రం పిల్లోడొస్తే ఆ మాట చెప్పాను. ఏం మాట్లాడకుండా ఇంకో కాగితాల కట్ట తీసుకోని బస్సెక్కాడు. నాలుగు రోజులకి తెచ్చిచ్చాడు, ఈసారి మూడు పేజీలు. చదువు గానీ తీగకి పెట్టొద్దన్నా అన్నాడు. పెట్టలేదు.