రేడియోలో ఈమెయిల్: హ్యామ్ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ ఒకే విషయం మీదివి. టవర్లు, ఇంటర్నెట్ పనిచేయని రోజున హ్యామ్ రేడియోతో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియోతో) ఈమెయిల్ పంపడం, పదిమంది కలిసి రాతపూర్వకంగా చర్చించుకోవడం ఎలాగన్నది. అందుకే మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ శీర్షికను మొత్తం దీనికే కేటాయించాం.

ప్రశ్న: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు రేడియో నుంచి ఈమెయిల్ పోతుందంటున్నారు. ఈమెయిల్ అంటే ఇంటర్నెట్ ఉండాలి కదా, మరి ఎలా పోతుంది? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఇంటర్నెట్ ఉండాలి గానీ మీ దగ్గర ఉండనక్కర్లేదు. తుపాను తాకని చోట ఉన్న గేట్‌వే స్టేషన్ దాకా సందేశాన్ని చేర్చడమే మీ రేడియో పని. అక్కడినుంచి అది మామూలు ఈమెయిల్‌గా వెళ్లిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా హ్యామ్‌లు స్వచ్ఛందంగా నడుపుతున్న ఈ ఏర్పాటు పేరు విన్‌లింక్. మీ కాల్‌సైనే (లైసెన్సుతో పాటు ఇచ్చే గుర్తింపు పేరే) మీ చిరునామా: కాల్‌సైన్@విన్‌లింక్.ఆర్గ్. విండోస్‌లో విన్‌లింక్ ఎక్స్‌ప్రెస్, లినక్స్‌లో, రాస్ప్‌బెర్రీ పైలో పాట్ అనే ప్రోగ్రాంలు వాడతారు. గేట్‌వే లేకపోయినా, వినిపించేంత దూరంలో ఉన్న మరో హ్యామ్‌కు నేరుగా ఈమెయిల్ ఇచ్చే పీర్-టు-పీర్ పద్ధతి కూడా ఇందులో ఉంది. జిల్లా కేంద్రం నుంచి మండలానికి జాబితాలు పంపడానికి అదే ఎక్కువ పనికొస్తుంది.

లైసెన్సు లేకుండా ఇదేదీ చేయకూడదు. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే అమెచ్యూర్ లైసెన్సుకు 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో శిక్షణ ఇస్తుంది. లైసెన్సు చేతికొచ్చాక అందులో డేటా ప్రసారానికి అనుమతి ఏ బ్యాండుల్లో ఉందో చదివి తెలుసుకోండి.

తుపాను హెచ్చరిక వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. ఇంటర్నెట్ ఉన్న రోజుల్లోనే ప్రోగ్రాంలో టెల్నెట్ అన్న ఎంపికతో (రేడియో కాకుండా ఇంటర్నెట్ దారిన) ఒక ఉత్తరం పంపి ఖాతా పనిచేస్తోందని రూఢి చేసుకోండి. గేట్‌వేల జాబితాను కొత్తది చేసి పెట్టుకోండి. జాబితా పాతదైతే ఎప్పుడో మూతపడ్డ స్టేషన్‌ను పిలుస్తూ బ్యాటరీ ఖాళీ చేస్తారు.

ప్రశ్న: నా దగ్గర 144 మెగాహెర్ట్జ్ చేతి రేడియో, పాత ల్యాప్‌టాప్ ఉన్నాయి. వోక్స్ (శబ్దం రాగానే రేడియో తానే ప్రసారం మొదలుపెట్టే ఎంపిక) పెట్టి, ప్యాకెట్‌తో (డేటాను చిన్న ముక్కలుగా, శబ్దంగా మార్చి పంపే పద్ధతితో) పిలుస్తున్నాను. గేట్‌వే వైపు నుంచి జవాబు వస్తున్నట్టు చప్పుడు వినబడుతుంది కానీ కనెక్ట్ కాదు. ఏం కొనాలి? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పెద్దగా ఏమీ కొనక్కర్లేదు, వోక్స్ మాత్రం మానేయాలి. ప్యాకెట్ ముగిశాక కూడా వోక్స్ కాసేపు రేడియోను ప్రసారంలోనే పట్టి ఉంచుతుంది. గేట్‌వే జవాబు సెకనులో కొంత భాగంలోనే వచ్చేస్తుంది. అప్పటికి మీ రేడియో ఇంకా ప్రసారం చేస్తూనే ఉంటుంది గనుక ఆ జవాబు మొదలు తెగిపోతుంది. మీరు విన్న చప్పుడు దాని తోక భాగం.

పీటీటీని (ప్రసారం మొదలుపెట్టే మీటను) కంప్యూటరే నొక్కేలా చిన్న సర్క్యూట్ కట్టుకోండి. ఆర్‌ఎస్-232 స్థాయిలిచ్చే యూఎస్‌బీ-సీరియల్ తీగ తీసుకుని, 9 పిన్నుల కనెక్టర్‌లో 7వ పిన్ను (ఆర్‌టీఎస్) నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా పీసీ817 ఆప్టోకప్లర్ (తీగలు కలవకుండా కాంతితో సంకేతం దాటించే చిప్) 1వ కాలికి కలపండి. 2వ కాలు కనెక్టర్ 5వ పిన్నుకు. సీరియల్ లైను నెగెటివ్‌కు వెళ్లినప్పుడు లోపలి ఎల్‌ఈడీ పాడవకుండా 1, 2 కాళ్ల మధ్య ఒక 1ఎన్4148 డయోడ్‌ను తిరగేసి పెట్టండి, గీత ఉన్న కొన 1వ కాలి వైపు ఉండాలి. 4వ కాలు రేడియో పీటీటీకి, 3వ కాలు రేడియో గ్రౌండ్‌కు.

శబ్దానికి ల్యాప్‌టాప్ ఒంటి సాకెట్ వదిలేసి చిన్న యూఎస్‌బీ సౌండ్‌కార్డు వాడండి. దాని స్పీకర్ అవుట్ దాదాపు 1 వోల్టు ఉంటుంది. మైకుకు కావలసింది కొన్ని మిల్లీవోల్టులే. కాబట్టి 600:600 ఓమ్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత వరుసలో 10 కిలోఓమ్, గ్రౌండ్‌కు 100 ఓమ్ పెడితే నూరో వంతుకు తగ్గుతుంది. అక్కడినుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా మైకుకు ఇవ్వండి, లేకుంటే మైకు లైనులోని డీసీ వెనక్కి వస్తుంది. రేడియో ఇయర్‌ఫోన్ నుంచి సౌండ్‌కార్డుకు వచ్చే దారిలోనూ మరో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. పీటీటీ, వెళ్లే శబ్దం, వచ్చే శబ్దం, ఈ మూడు దారుల్లో ఏ ఒక్కచోట కంప్యూటర్ గ్రౌండ్, రేడియో గ్రౌండ్ నేరుగా కలిసినా మిగతా రెండు చోట్ల పడ్డ శ్రమ వృథా.

మోడెమ్‌గా డైర్‌వుల్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. విన్‌లింక్ ఎక్స్‌ప్రెస్‌లో ప్యాకెట్ సెషన్ తెరిచి కిస్, టీసీపీ, 127.0.0.1, పోర్టు 8001 అని ఇవ్వండి.

ఇక రేడియోలో బ్యాటరీ ఆదా, రెండు ఫ్రీక్వెన్సీలు మార్చిమార్చి వినే ఎంపిక, ఈ రెండూ ఆపేయాలి. రిసీవర్ కునుకులో ఉన్నప్పుడు వచ్చిన ప్యాకెట్ పోయినట్టే. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు చప్పుడును మూసే ఏర్పాటు) పూర్తిగా తెరవండి, చప్పుడు వేరు, డేటా వేరు అని డైర్‌వుల్ఫే తేల్చుకుంటుంది. డైర్‌వుల్ఫ్‌లో ప్రసార ఆలస్యం (ప్రసారం మొదలయ్యాక డేటా పంపేముందు ఆగే సమయం) 30 అంటే 300 మిల్లీసెకన్లు. మీ రేడియో నెమ్మదిగా లేస్తుందనిపిస్తే 40 లేదా 50 ఇచ్చి చూడండి.

ఇవన్నీ సరిచేశాక కూడా కనెక్ట్ కాకపోతే అనుమానించాల్సింది శబ్ద స్థాయిని. మా అభిప్రాయంలో, కొత్తవాళ్లు ఆంటెనాను, గేట్‌వేను నిందించే సందర్భాల్లో ఎక్కువ భాగం దోషం ఇక్కడే ఉంటుంది. ఇంకో రేడియోలో మీ ప్రసారం వింటూ స్థాయిని మెల్లగా పెంచండి. ఒక చోట ఇక బిగ్గరగా కావడం ఆగిపోతుంది. అక్కడ మీ రేడియో లిమిటర్ శబ్దాన్ని కత్తిరిస్తోందన్నమాట. అక్కడినుంచి చప్పుడు స్పష్టంగా తగ్గినట్టు వినిపించేదాకా వెనక్కి రండి. వచ్చే శబ్దానికి డైర్‌వుల్ఫ్ తెర మీద ఆడియో లెవెల్ అని ఒక అంకె కనిపిస్తుంది, అది 50 దగ్గర ఉండేలా సర్దుకోండి.

ప్రశ్న: 7 మెగాహెర్ట్జ్‌లో వారా మోడెమ్‌తో (దూరాలకు డేటా పంపే ప్రోగ్రాంతో) దూరపు గేట్‌వే కలుస్తోంది, సగం ఉత్తరం పోయాక తెగిపోతోంది. పూర్తి 100 వాట్లు ఇస్తున్నాను. (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు పవర్ 40 లేదా 50 వాట్లకు దించండి. మాటలాగా ఆగి ఆగి కాదు, డేటా ప్రసారం నిండుగా సాగుతుంది, రేడియో వేడెక్కుతుంది. ఏఎల్‌సీ (సిగ్నల్ హద్దు దాటితే రేడియో తానే తగ్గించే ఏర్పాటు) మీటరు కదలకుండా, లేదా కదిలీ కదలనట్టు ఉండేలా సౌండ్‌కార్డు స్థాయి తగ్గించండి. ఏఎల్‌సీ పనిచేస్తోందంటే సిగ్నల్ వంకరపోతోందని అర్థం. వాట్లు ఎక్కువ కనబడతాయి, అవతల చదవడానికి మాత్రం వీలుపడదు. స్పీచ్ ప్రాసెసర్, నాయిస్ బ్లాంకర్ ఆపండి. విండోస్‌లో ఆ సౌండ్‌కార్డుకు ఎన్‌హాన్స్‌మెంట్లు తీసేయండి, దాన్ని డిఫాల్ట్‌గా ఉంచకండి. లేకుంటే కంప్యూటర్ గంట మోత కూడా గాలిలోకి పోతుంది.

సగంలో తెగడానికి ఇంకో పెద్ద కారణం ఆర్‌ఎఫ్ (మీ ప్రసారపు రేడియో తరంగాలు) యూఎస్‌బీ తీగలోకి దూరడం. ప్రసారం మొదలవగానే మౌస్ ఆగినా, సౌండ్‌కార్డు మాయమైనా అదే. తీగకు రెండు కొనల దగ్గరా ఫెర్రైట్ (ఆ తరంగాలను అడ్డుకునే అయస్కాంత పదార్థపు బిళ్ల) వేసి, ఫీడ్‌లైనుకు (రేడియో నుంచి ఆంటెనాకు వెళ్లే తీగకు) ఆంటెనా దగ్గర చోక్ పెట్టండి.

రేడియో ఎప్పుడూ అప్పర్ సైడ్‌బ్యాండ్ (యూఎస్‌బీ అని రాసి ఉండే ప్రసార పద్ధతి) లోనే ఉండాలి, 7 మెగాహెర్ట్జ్‌లో కూడా. జాబితాలో ఇచ్చేది మధ్య ఫ్రీక్వెన్సీ, డయల్ మీద అంతకంటే 1.5 కిలోహెర్ట్జ్ తక్కువ పెట్టాలి. ఉదాహరణకు జాబితాలో 7105.0 కిలోహెర్ట్జ్ అని ఉంటే డయల్ 7103.5. క్యాట్ తీగ (కంప్యూటర్ రేడియోను అదుపు చేసే తీగ) ఉంటే ప్రోగ్రామే చూసుకుంటుంది. గేట్‌వే 500 హెర్ట్జ్ వెడల్పుదైతే మీరూ 500 ఎంచుకోవాలి. 2300 హెర్ట్జ్‌కు మీ ఫిల్టర్ కనీసం 2.4 కిలోహెర్ట్జ్ తెరిచి ఉండాలి.

ఆంటెనా సంగతి క్లుప్తంగా: 7.1 మెగాహెర్ట్జ్‌కు మొత్తం 20 మీటర్ల తీగతో ఇన్వర్టెడ్ వీ (తలకిందులైన వీ ఆకారపు ఆంటెనా), నడిమి ఎత్తు 8 నుంచి 10 మీటర్లు. పగటిపూట రాష్ట్రం పరిధికి అది చాలు. దూరపు గేట్‌వేకు పగలు 14 మెగాహెర్ట్జ్ ప్రయత్నించండి.

ప్రశ్న: ఉత్తరం తెలుగులో రాయవచ్చా? ఫొటో జోడిస్తే ఎంతసేపు పడుతుంది? (హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: రాయవచ్చు, ధర మాత్రం తెలుసుకోండి. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు, తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. కృష్ణా అన్న మాటలో క, దాని కింద ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం కలిపి 6 గుర్తులు, అంటే 18 బైట్లు. అదే ఇంగ్లిష్ అక్షరాల్లో 7. పంపేముందు కుదింపు జరుగుతుంది కాబట్టి తేడా కొంత తగ్గుతుంది. అవతల ప్రశ్నార్థకాల వరుసగా తేలకుండా ఉండాలంటే తెలుగు పాఠాన్ని నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా భద్రపరచి, ఫైలుగా జోడించండి. జోడింపు బైటు మారకుండా చేరుతుంది.

ఉత్తరం మొత్తం 120 కేబీ మించకూడదు. 1200 బాడ్ ప్యాకెట్‌లో లెక్కకు సెకనుకు 150 బైట్లు, మధ్యలో రసీదులు, తిరిగి పంపడాలు పోను 60 దక్కితే సంతోషించాలి. ఆ లెక్కన 100 కేబీ ఫొటోకు అరగంట దగ్గర. జేపీఈజీ ఇంకా కుదించబడదు. 640×480కి తగ్గించి, నాణ్యత దించి, 20 నుంచి 30 కేబీ చేయండి. అంతకన్నా, గండిపడ్డ చోటి గురించి నాలుగు వాక్యాలు రాసి పంపితే చాలాసార్లు ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: మా క్లబ్బులో పదిమంది హ్యామ్‌లం. ఇంటర్నెట్ లేకుండా బృంద చర్చ నడపాలని ఉంది. ఇంటర్నెట్‌లోని చర్చా బృందాల ఉత్తరాలనూ విన్‌లింక్‌లోకి తెచ్చుకోవచ్చా? (రాజమహేంద్రవరం నుంచి ఒక క్లబ్బు)

జవాబు: రెండోదానికి ముందు జవాబు చెబుతాం. సాంకేతికంగా వీలే, మేం మాత్రం వద్దంటాం. ఒక్కో జవాబు కింద పాత ఉత్తరాలన్నీ వేలాడుతుంటాయి, ఒక్కరోజు చర్చకే ఛానెల్ మూసుకుపోతుంది, అవసరమున్నవాడికి దారి దొరకదు. అమ్మకాల ప్రకటనలు వస్తే నియమభంగం కూడా. తప్పదనుకుంటే ఒక్క ముఖ్య ప్రకటనలే వచ్చేలా ఆ బృందం సెట్టింగ్ మార్చుకోండి.

మీ సొంత చర్చకు ప్యాకెట్ బీబీఎస్ (అందరూ సందేశాలు పెట్టి, చదువుకునే రేడియో నోటీసు బోర్డు) చక్కగా సరిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద లిన్‌బీపీక్యూ అనే ప్రోగ్రాం నడపండి, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య మాటల రిపీటర్లకు దూరంగా ఒక ఫ్రీక్వెన్సీ తీసుకోండి. ఎల్ అంటే జాబితా, ఆర్ తర్వాత అంకె అంటే ఆ సందేశం చదవడం, ఎస్‌పీ ఒకరికి, ఎస్‌బీ అందరికీ. ఎస్‌బీ తర్వాత మనిషి పేరు కాదు, ఆంటెనా, వరద వంటి అంశం పేరు ఇస్తారు. ప్రతి బులెటిన్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి రెండు బీబీఎస్‌లు కలిపినా ఒకే సందేశం రెండుసార్లు తిరగదు.

పదిమంది ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే వచ్చే చిక్కు వేరు. గోదావరికి ఈ ఒడ్డున ఉన్నవాడికి బీబీఎస్ వినబడుతుంది, దూరాన మిట్ట వెనక ఉన్న రెండోవాడు వినబడడు. ఛానెల్ ఖాళీ అనుకుని ఇద్దరూ ఒకేసారి పంపుతారు, బీబీఎస్ దగ్గర రెండూ పాడవుతాయి. దానికి మందు: బీబీఎస్ ఆంటెనా ఊరిలోకెల్లా ఎత్తున పెట్టడం, అందరి మోడెముల్లోనూ పర్సిస్ట్ (ఛానెల్ ఖాళీ అయినప్పుడు వెంటనే పంపే అవకాశం) 63, స్లాట్‌టైమ్ (మళ్లీ ప్రయత్నించే ముందు ఆగే సమయం) 10 ఉంచడం, ప్యాకెట్ పొడవు 128 బైట్లు, ఒకేసారి పంపే ఫ్రేములు 1 లేదా 2కు తగ్గించడం. ఎవరో ఒకరు పర్సిస్ట్ 255కు పెంచితే ఆయనకు హాయి, తొమ్మిదిమందికి ఆటంకం.

జిల్లాలు దాటి చర్చించాలంటే జేఎస్8కాల్ అనే ప్రోగ్రాం చూడండి. 7.078 మెగాహెర్ట్జ్‌లో, అప్పర్ సైడ్‌బ్యాండ్‌లోనే. మీ బృందానికి @ గుర్తుతో పేరు పెట్టుకుంటే ఆ పేరుకు పంపింది సభ్యులందరి తెర మీదా కనిపిస్తుంది. అప్పుడు రేడియో దగ్గర లేనివాడికి సందేశం దాచిపెట్టమని మరో స్టేషన్‌ను అడగవచ్చు. మాట వినబడనంత బలహీన సిగ్నల్‌లోనూ నడుస్తుంది. సాధారణ వేగంలో ఒక్కో ఫ్రేముకు 15 సెకన్లు, కనుక టెలిగ్రాంలా రాయాలి. తెలుగు లిపి పోదు, తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. కంప్యూటర్ గడియారం 2 సెకన్లకు మించి తప్పితే అవతలివాళ్లు చదవలేరు. ఇంటర్నెట్ లేనప్పుడు గడియారం సరిచేయడానికి ఒక యూఎస్‌బీ జీపీఎస్ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు గుంటూరులో హ్యామ్. నాకు లైసెన్సు లేదు. ఆయన విన్‌లింక్ చిరునామాకు ఇక్కడినుంచి రాస్తే చేరడం లేదు. (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చెత్త ఉత్తరాలు రేడియో దారిని నింపకుండా విన్‌లింక్ తెలియని చిరునామాలను ఆపేస్తుంది. తమ్ముడిగారిని ముందుగా మీకొక ఉత్తరం రాయమనండి, దాంతో మీ చిరునామా ఆయన అనుమతి జాబితాలో చేరుతుంది. అలా కుదరకపోతే విషయం గడిలో రెండు వాలుగీతలు వేసి, ఇంగ్లిష్‌లో డబ్ల్యూ, ఎల్, 2, కే అక్షరాలు ఖాళీ లేకుండా రాసి, తర్వాత మీ విషయం రాయండి. కుశలప్రశ్నలకు ఈ దారి వాడకండి. దేశాల మధ్య హ్యామ్ ప్రసారాల్లో లైసెన్సు లేని మూడో వ్యక్తి తరఫు సందేశాలు విపత్తు, అత్యవసర సమయాలకే పరిమితమని అంతర్జాతీయ రేడియో నియమావళి 25వ అధికరణం చెబుతోంది, దేశాలు తమ పరిధిలో వేరుగా నిర్ణయించుకున్న చోట తప్ప. వ్యాపారం రాయకూడదు, గుప్తలిపి వాడకూడదు. మీరు రాసింది ఇతర హ్యామ్‌లు చదవగలరని కూడా గుర్తుంచుకోండి, బ్యాంకు వివరాలు పెట్టకండి.