హిదే పోయినప్పటి జపాన్ టీవీ రికార్డింగులు భాష రాకుండా చూస్తే అర్థమవుతాయా?

ప్రశ్న ఇదీ: ఎక్స్ జపాన్ బ్యాండ్ గిటారిస్ట్ హిదే 1998లో చనిపోయినప్పుడు అక్కడి ఛానళ్లలో వచ్చిన నివాళి కార్యక్రమాల పాత రికార్డింగులు అక్కడక్కడా దొరుకుతున్నాయి, జపనీస్ ముక్క రాదు, చూస్తే ఏమైనా ఎక్కుతుందా, ఏది ముందు చూడాలి అని.

ఎక్కుతుంది, నిశ్చింతగా చూడండి. నేను చూసేనాటికి నా జపనీస్ హోటల్లో భోజనం చెప్పుకోవడానికి, రైలు తప్పితే ఎవర్నైనా దారి అడగడానికి సరిపోయేది, అంతే. అయినా ఆ టేపుల ముందు కూర్చున్నవాణ్ణి లేవలేదు. కాకపోతే అన్నీ చూడక్కర్లేదు, కొన్నైతే చూస్తే ఒళ్లు మండుతుంది కూడా.

అవి నా చేతికెలా వచ్చాయో ముందు చెప్తాను, ఎందుకంటే మీకు దొరికే వీడియోలన్నీ ఇంచుమించు ఇలాంటి టేపుల నుంచి వచ్చినవే. యొకొహామాలో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒకావిడ ఉండేవారు, పని తప్ప ఇంకో మాట మాట్లాడేవారు కాదు. ఒకరోజు లంచ్‌లో నా ఫోన్‌లో హిదే పాట మోగేసరికి చేతిలో చాప్‌స్టిక్స్ కింద పెట్టి, "మీ దేశంలో కూడా వింటారా?" అన్నారు. కాలేజీ రోజుల్లో హైదరాబాద్‌లో హాస్టల్ సీనియర్ ఒకడు కాపీ చేసిచ్చిన సీడీతో నాకు ఈ పిచ్చి పట్టిందని చెప్పాను. ఆవిడ 1998లో హైస్కూల్లో ఉన్నారట. అంత్యక్రియలు మే 7, గురువారం. స్కూలు మానేసి వెళ్తానంటే వాళ్లమ్మ ససేమిరా అన్నారట. అందుకని వీసీఆర్‌కి టైమర్ పెట్టి, ఏ ఛానల్లో ఏం వస్తే అది రికార్డు చేసుకున్నారు. ఇన్నేళ్లయినా ఆ టేపులు పారెయ్యలేదు.

అట్ట పెట్టెలో తెచ్చిచ్చారు. ఒక్కో టేపు వీపు మీద పెన్నుతో తేదీ, ఛానల్, కింద 'శాశ్వతంగా దాచాలి' అని. ఎవరూ పొరపాటున వేరేది రికార్డు చెయ్యకుండా ట్యాబ్ విరగ్గొట్టారు, మనం పాటల క్యాసెట్లకి చేసే పనే. ఎక్కువ భాగం త్రిబుల్ స్పీడ్ మోడ్‌లో ఉన్నాయి, అంటే రెండు గంటల టేపులో ఆరు గంటలు కుక్కారన్నమాట, స్కూలు పిల్ల పాకెట్ మనీకి అన్నేసి టేపులు ఎక్కడొస్తాయి మరి! మ్యూజిక్ షోలు మాత్రం మామూలు స్పీడ్‌లో ఉన్నాయి. దేనికి క్వాలిటీ కావాలో ఆ వయసుకే తెలుసు ఆవిడకి.

ఇక విషయంలోకి వస్తే, కొంచెం నేపథ్యం తెలిస్తే బొమ్మలు వాటంతటవే మాట్లాడతాయి. హిదే అసలు పేరు మత్సుమొతో హిదెతో, 1964 డిసెంబర్ 13న యొకోసుకాలో పుట్టాడు, అమెరికన్ నేవీ బేస్ ఉన్న ఊరు. బ్యూటీషియన్ లైసెన్స్ ఉన్నవాడు, ఆ జుట్టూ ఆ మేకప్పూ ఊరికే వచ్చినవి కావు. 1987లో ఎక్స్ బ్యాండ్‌లో చేరాడు, ఆ బ్యాండే తర్వాత ఎక్స్ జపాన్ అయ్యింది. 1997 డిసెంబర్ 31న టోక్యో డోమ్‌లో చివరి కచేరీ చేసి, అదే రాత్రి అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ల కోహకు కార్యక్రమంలో పాడి బ్యాండ్ ముగించారు. కోహకు అంటే ఏడాది చివరి రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే పాటల ప్రోగ్రామ్. అంటే రాక్ అంటే గిట్టని తాతమ్మలకి కూడా ఆ గులాబీ రంగు జుట్టు తెలుసు. నాలుగు నెలలకే, 1998 మే 2న, 33 ఏళ్లకే పోయాడు. పోలీసులు ఒకటి చెప్పారు, తోటివాళ్లు ప్రమాదమే అన్నారు, నేనందులోకి వెళ్లను, టేపుల్లో ఆ చర్చ వచ్చినచోట మీరూ ఫార్వర్డ్ చేసెయ్యండి.

ముందు చూడాల్సింది మే 7 రికార్డింగులే. చోటు త్సుకిజి హొంగాన్‌జి, టోక్యో నడిబొడ్డున పెద్ద బౌద్ధాలయం. హెలికాప్టర్ నుంచి తీసిన షాట్ రాగానే నేను పాజ్ కొట్టి మళ్లీ చూశాను, ఎందుకంటే ఆ గుడి జపాన్ గుళ్లలా ఉండదు. ముఖద్వారం మీద అజంతా చైత్యాల్లో ఉండే గుర్రపు నాడా ఆకారపు కమాను, రెండు వైపులా స్తూపాల్లాంటి గుమ్మటాలు. ఇతో చూతా అనే ఆర్కిటెక్ట్ మన దేశపు బౌద్ధ కట్టడాలు చూసొచ్చి ఆ పద్ధతిలో డిజైన్ చేసింది, 1934లో పూర్తయ్యింది. అమరావతి శిల్పాలు చూస్తూ పెరిగినవాళ్లకి ఆ భవనం ముందు నల్లబట్టల్లో వేలమంది రాక్ అభిమానులు నిలబడ్డ దృశ్యం ఎంత చిత్రంగా ఉంటుందో జపాన్ వాళ్లకి చెప్పినా అర్థం కాదు.

వచ్చినవాళ్లు సుమారు 50 వేల మంది అంటారు. కెమెరా పైకి లేచేకొద్దీ లైను ఇంకా ఉంటుంది, సందు తిరిగి ఇంకా ఉంటుంది. జుట్టుకి రంగులేసుకున్న అబ్బాయిలు, బొమ్మ గుండెలకి హత్తుకున్న ఆడపిల్లలు, సొమ్మసిల్లిన వాళ్లని మోసుకుపోయే స్ట్రెచర్లు. తర్వాత లోపల బ్యాండ్ నాయకుడు యోషికి పియానో, గాయకుడు తోషి పాట, 'ఫరెవర్ లవ్'. నాలుగు నెలల క్రితం విడిపోయిన బ్యాండ్ అది, ఆ రోజు అక్కడ కలవాల్సి వచ్చింది. ఇక్కడ భాష అడ్డే కాదు. ఈ ఒక్కటి చూసి ఆపేసినా నష్టం లేదు.

పగటిపూట వచ్చే వైడ్ షోలు మాత్రం వేరే సంగతి. వార్తలకీ కబుర్లకీ మధ్యలో ఉండే బాపతు. స్పోర్ట్స్ పేపర్ల మొదటి పేజీలు బోర్డుకి అంటించి, యాంకర్ పుల్ల పట్టుకుని లైన్లు చదువుతుంటాడు, పక్కన ఒక పెద్దమనిషి గంభీరంగా తలాడిస్తుంటాడు. సంగీతం గురించి ఒక్క ముక్క ఉండదు. ఏడుస్తున్న పిల్లల ముఖాల మీదికి జూమ్ చెయ్యడం, మైకు మూతి దగ్గర పెట్టి "ఇప్పుడెలా ఉంది?" అనడం. 2020లో బాలు గారు పోయినరోజు మన ఛానళ్లు చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, నేపథ్యంలో వయొలిన్ ఒక్కటే తక్కువ. ఒక్క విషయానికి మాత్రం ఆ భాగాలు చూడొచ్చు. అభిమానులు తమకి తాము ఏమైనా చేసుకుంటారన్న భయం అప్పట్లో నిజంగా ఉంది, తొందరపడొద్దని బ్యాండ్ వాళ్లే కెమెరాల ముందుకొచ్చి వేడుకోవాల్సి వచ్చింది. ఆ మాటలు చెప్పేటప్పుడు యోషికి ముఖం చూడండి, అక్కడికి అనువాదం అక్కర్లేదు.

నాకు బాగా నచ్చినవి రాత్రిపూట మ్యూజిక్ కార్యక్రమాల్లో వేసిన పాత క్లిప్పులు. గమనించండి, ఒక్కో ఛానల్లో ఒక్కో హిదే కనిపిస్తాడు. ప్రతివాడూ తన గోడౌన్‌లో ఉన్నదే తీసి వేస్తాడు, పక్క ఛానల్ సరుకు వాడుకోలేడు. ఎన్‌హెచ్‌కే దగ్గర కోహకు ఉంది, అక్కడ మనిషి హుందాగా ఉంటాడు. ప్రైవేటు ఛానళ్ల టాక్ షో ముక్కల్లో కామెడీ యాంకర్లు ఆటపట్టిస్తుంటే సిగ్గుపడుతూ నవ్వుతాడు, చాలా మెల్లగా మాట్లాడతాడు, స్టేజీ మీద పసుపు రంగు మీద హృదయాలున్న ఫెర్నాండెస్ గిటారు పట్టుకుని గంతులేసేది ఈ మనిషేనా అనిపిస్తుంది. అందుకే ఒకే రికార్డింగ్ పూర్తిగా చూడటం కన్నా రెండు మూడు ఛానళ్లవి ముక్కలు ముక్కలుగా చూడమంటాను.

ఇంకో చిన్న గుర్తు. టైటిల్‌లో పేరు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉంటే ఎక్స్ రోజుల క్లిప్, అన్నీ చిన్న అక్షరాలైతే సోలోది.

ఈ టేపుల్లో మింగుడు పడనిది ఏంటంటే, నివాళి నడుస్తుండగానే ఆయన కొత్త పాటలు వస్తుండటం. 'పింక్ స్పైడర్' సింగిల్ ముందే ఖరారు చేసిన ప్రకారం మే 13న వచ్చేసింది, మనిషి పోయి రెండు వారాలు కూడా కాలేదు. జపాన్‌లో అమ్మకాల లెక్క చెప్పే ఒరికాన్ చార్టులో మొదటి స్థానానికెళ్లింది. నెలాఖరుకి 'ఎవర్ ఫ్రీ' కూడా వచ్చింది. ఆల్బమ్ 'జా, జూ' నవంబర్ 21న, మిగిలిన పని తోటివాళ్లు పూర్తిచేశాక. కాబట్టి ఆ మే నెల టేపుల్లో ఒకచోట పూలదండల మధ్య ఫోటో, కాసేపటికి కొత్త వీడియోలో నిక్షేపంగా ఉన్న మనిషి. మా కొలీగ్ అన్న మాటేంటంటే, సింగిల్ కొనుక్కొచ్చిన రోజు సంతోషపడాలో వద్దో తెలియలేదట, ప్లాస్టిక్ కవర్ ఊడదీయకుండా టేబుల్ మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నారట. తర్వాత వచ్చిన డాక్యుమెంటరీలు అన్నీ తెలిసి, ఎడిట్ చేసి, అర్థం చెప్పి మనకిస్తాయి. 1998 మే టీవీకి ఇంకా ఏమీ తెలియదు, ఒక రాక్ వాణ్ణి ఎలా సాగనంపాలో కూడా తెలియదు, గుడి ముందు రిపోర్టర్ గొంతు తడబడుతుంది, స్టూడియోలో ఎవరో పేరు తప్పు పలుకుతారు. నాకు అదే విలువైనదిగా అనిపిస్తుంది.

అందుకే యాడ్స్ కత్తిరించని కాపీ దొరికితే అదే తీసుకోండి. అప్పటి నూడుల్స్ యాడ్, కారు యాడ్ తర్వాత మళ్లీ ఆ లైను, ఆ ఏడుపులు. ఉదయం షోల్లో మూలన గడియారం అంకెలు మారుతుంటాయి, ఎంతసేపట్నుంచి నిలబడి ఉన్నారో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇదంతా చూశాక ఒక ఆదివారం త్సుకిజి వెళ్లాను. గుడి లోపల హిదే ఫోటోతో చిన్న మూల ఒకటి ఇప్పటికీ ఉంది, అభిమానులు రాసే నోటు పుస్తకంతో సహా. కొరియన్, చైనీస్, స్పానిష్, అన్నీ ఉన్నాయి, ఒక పేజీ మొత్తం గిటారు బొమ్మే. నేనూ తెలుగులో రెండు లైన్లు రాశాను. అన్నట్టు ఆ గుడిలో పైప్ ఆర్గాన్ కూడా ఉంది, చర్చిలో ఉండేలాంటిది. యొకోసుకాలో ఆయన పేరిట మ్యూజియం ఉండేది, 2000లో తెరిచారు, 2005లో మూసేశారు, కాబట్టి దానికోసం వెతక్కండి.

ఇక కొనడం గురించి. వేలం సైట్లలో 'అరుదైన టీవీ స్పెషల్' అని డీవీడీలు అమ్ముతారు, డబ్బు తగలెయ్యొద్దు. హక్కుల్లేని సరుకు, పైగా కాపీకి కాపీకి కాపీ. కచేరీ కావాలంటే 'ది లాస్ట్ లైవ్' అధికారికంగా దొరుకుతుంది. ఒరిజినల్ టేపే చేతికొస్తే మాత్రం మన పాత పాల్ వీసీఆర్‌లో పెట్టి లాభం లేదు, జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ అనే వేరే టీవీ పద్ధతి, రంగులు సరిగా రావు. అక్కడి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో మెషీన్ కొనాల్సిందే. ఫునాయి కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేశాక కొత్తవి లేవు, పనిచేసేదాన్ని షాపులోనే ఆడించి చూపించమనండి. త్రిబుల్ స్పీడ్ టేపులు ఒక మెషీన్‌లో రికార్డు చేసినవి ఇంకోదాంట్లో గీతలు కొడతాయి, ట్రాకింగ్ బటన్‌తో కొంచెం అటూ ఇటూ జరిపితే చాలావరకు నిలబడుతుంది. టేపుని కంప్యూటర్‌లోకి క్యాప్చర్ చేసేటప్పుడు మధ్యలో ఆపకండి, మొదటి ప్లేకే బొమ్మ బాగా వస్తుంది. పెట్టెలోంచి తీయగానే టేపు అంచు వెలుతురుకి పట్టి చూడండి, తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు, హెడ్ పాడవుతుంది, తర్వాత పెట్టిన మంచి టేపులకి కూడా అంటుకుంటుంది. శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చిచ్చేవాళ్లు జపాన్‌లో ఉన్నారు, ముందు వాళ్లకి ఇవ్వండి.