పాత స్లైడుల్లోని మట్టి నల్లులను మళ్లీ పరిశీలించడం: అది బతుకుతెరువు అవుతుందా?

పి.గన్నవరం నుంచి ఒక తండ్రి అడిగారు: “మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. మట్టిలో ఉండే నల్లుల మీద, అందులోనూ మ్యూజియంలలో భద్రపరచిన టైప్ నమూనాలను తిరిగి పరిశీలించే పని మీద పరిశోధన చేస్తానంటోంది. ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసిన పురుగును మళ్లీ చూస్తే కొత్తగా తేలేదేముంటుంది? దానికి జీతం ఎవరిస్తారు?”

మీ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. అయితే ఆ పని ఏమిటో తెలియనిదే జీతం సంగతి తేల్చుకోలేము.

నల్లి అనగానే కోనసీమలో కొబ్బరి పిందె తొడిమ కింద చేరే ఇరియోఫిడ్ నల్లి గుర్తుకొస్తుంది. మీ అమ్మాయి చెబుతున్నవి వేరు. కుళ్లిన ఆకుల కింద, పై మట్టి పొరలో బతికే ఈ నల్లులలో చాలావాటి పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కొన్ని కుళ్లిన ఆకులనూ బూజునూ తింటాయి, కొన్ని నులిపురుగులను వేటాడతాయి. ఒక జాతికి తొలిసారి పేరు పెట్టినప్పుడు ఆ పేరుకు ఆధారంగా నిలిపిన నమూనాయే టైప్ నమూనా. గట్టు తగాదాలో ఎవరెన్ని చెప్పినా చివరకు సర్వే రాయి దగ్గరకే వెళ్లినట్లు, పేరు మీద సందేహం వస్తే శాస్త్రవేత్తలు ఆ నమూనా దగ్గరకే వెళ్లాలి.

ఇటలీకి చెందిన ఆంతోనియో బెర్లేసే (1863–1927) ఎన్నో నల్లులకు పేర్లు పెట్టిన ఆ కాలంలో వర్ణనలు చాలా క్లుప్తంగా ఉండేవి. నేడు జాతులను విడదీసేది వీపు మీది రోమాల అమరిక, కాళ్లలో ఒక్కొక్క కణుపు మీది రోమాల సంఖ్య వంటి సూక్ష్మ లక్షణాలు కనుక, పాత వర్ణన చదివి ఏ జాతో తేల్చడం చాలాసార్లు సాధ్యం కాదు. టైప్ నమూనాను అమర్చిన గాజు స్లైడును మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టి, కొలిచి, బొమ్మ గీసి, చెదిరిన లేబులుతో సరిపోల్చాలి. గమ్ అరబిక్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన హోయర్ ద్రవంలో అమర్చిన స్లైడు అంచు సీలు పగిలితే లోపల స్ఫటికాలు కడతాయి, చూడవలసిన కాలే కనిపించకుండా పోతుంది. ఒకే పేరు కింద అనేక నమూనాలు ఉండి, మూల రచయిత దేనినీ ప్రత్యేకించకపోతే, తరువాతి పరిశోధకులు వాటిలో ఒకదానిని లెక్టోటైప్‌గా నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి తరువాతివారంతా కట్టుబడవలసి ఉంటుంది కనుక అది చాలా బాధ్యతగల పని.

దీని ఫలితం పొలం దాకా వస్తుంది. జీవ నియంత్రణ కోసం, అంటే చీడలను వాటిని తినే ప్రాణులతోనే అదుపు చేయడం కోసం, ఉత్తర అమెరికాలో ఒక వేట నల్లిని చాలాకాలం ‘మైల్స్’ అనే జాతిపేరుతో అమ్మారు. అది నిజానికి స్ట్రాటియోలీలాప్స్ స్కిమిటస్ అని 2003లో వాల్టర్, క్యాంప్‌బెల్ తేల్చారు. పేరు తప్పయితే ఆ పేరు మీద రాసిన తిండి, సంతానోత్పత్తి వివరాలన్నీ వేరే ప్రాణి ఖాతాలో పడతాయి.

ఇక జీతం. టైప్ నమూనాల పరిశీలనకే ప్రత్యేకించిన ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూడకండి. ఆ పని పీహెచ్‌డీలోనో, శాస్త్రవేత్త విధుల్లోనో భాగంగా ఉంటుంది. 1916లో ఏర్పడి కోల్‌కతా కేంద్రంగా నడుస్తున్న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దేశ జంతు నమూనాలను భద్రపరుస్తోంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నల్లుల అధ్యయనం చాలాకాలంగా సాగుతోంది. ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. వ్యవసాయ కీటకశాస్త్రంలో పీజీకి సాధారణంగా బీఎస్సీ అగ్రికల్చర్ అడుగుతారు కనుక మీ అమ్మాయికి జువాలజీ దారే మిగులుతుంది. ఆ దారి ఇరుకైనదని దాచను. అందుకే నెట్ రాయడం తప్పనిసరి అని నా అభిప్రాయం. అధ్యాపక ఉద్యోగానికీ అదే అర్హత పనికివస్తుంది.

ఎమ్మెస్సీకి దరఖాస్తు చేసేలోగా ఆమె ఒక పని చేయాలి. కొబ్బరితోటలో కోకో చెట్ల కింది కుళ్లిన ఆకులను, పై మట్టితో సహా, జల్లెడ అమర్చిన గరాటులో పోసి, పైన బల్బు వెలిగించి, కింద ఆల్కహాలు సీసా పెట్టమనండి. వేడికీ పొడికీ తాళలేక నల్లులు కిందికి దిగి సీసాలో పడతాయి; బెర్లేసే 1905లో రూపొందించిన గరాటుకు బల్బు చేర్చిన పద్ధతి ఇది. దొరికినవాటిలో ఒక్కదానిని లాక్టిక్ ఆమ్లంలో తేటపరచి, కళాశాల సూక్ష్మదర్శినిలో చూస్తూ రోమాలన్నీ లెక్కపెట్టి బొమ్మ గీయాలి. ఆ పనిలో గంటలు తెలియకుండా గడిచిపోతే, ఆ బొమ్మలనే జతచేసి నల్లుల మీద పనిచేసే ఆచార్యులకు ఉత్తరం రాయమనండి. చేతులు నొప్పెట్టి విసుగొస్తే, ఎమ్మెస్సీలో వేరే అంశం ఎంచుకోవడానికి ఇంకా సమయం ఉంది.