ఎక్స్-క్లాస్ అనగానే కంగారెందుకు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 'సూర్యుడిలో ఎక్స్-క్లాస్ పేలుడు, రెండు రోజుల్లో సౌర తుఫాను' అని టీవీల్లో తరచూ చెబుతారు. ఎక్స్ అంటే ఏమిటి? తుఫాను చాలాసార్లు రాదెందుకు? (నెల్లూరు నుంచి)

జవాబు: ఆ వార్తలో రెండు సంగతులు కలగాపులగం అయిపోయాయి. సౌరజ్వాల అంటే వెలుగు. కరోనల్ మాస్ ఎజెక్షన్, అంటే సీఎంఈ, అయస్కాంత క్షేత్రాన్ని వెంటేసుకుని దూసుకొచ్చే ప్లాస్మా, అంటే విద్యుదావేశ కణాల వేడి వాయువు. భూమిని తాకి సౌర తుఫాను లేపేది ఇదే, జ్వాల కాదు. జ్వాల తాలూకు ఎక్స్-కిరణాలు 8 నిమిషాల 20 సెకన్లలో వచ్చేస్తాయి. పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో కాసేపు మూగబోతుంది. ఆ సమయానికి మనకు రాత్రయితే ఆ కిరణాల బెడద మనకు లేదు.

ఎక్స్ అన్నది జ్వాలకు పెట్టిన కొలత మాత్రమే. అమెరికా వారి గోస్ ఉపగ్రహాలు 1–8 ఆంగ్‌స్ట్రామ్‌ల (మీటరులో వెయ్యి కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) తరంగదైర్ఘ్యం ఉన్న ఎక్స్-కిరణాలను కొలుస్తాయి. చదరపు మీటరుకు 0.0001 వాట్ వస్తే ఎక్స్1. ఎం1 అందులో పదోవంతు, సి1 నూరోవంతు. ఎక్స్ దాటాక కొత్త అక్షరం లేదు, అంకె పెరుగుతూ పోతుంది.

జ్వాల పెద్దదైతే తుఫానూ పెద్దదే అనుకోకూడదు. 2014 అక్టోబరులో 12192 నంబరు సూర్యమచ్చల గుంపు ఆరు ఎక్స్ జ్వాలలు వెలిగించింది, వాటి వెంట చెప్పుకోదగ్గ సీఎంఈ ఒక్కటీ రాలేదు. 2024 మే 10–11 తేదీల్లో లడఖ్‌లోని హాన్లే ఆకాశాన్ని ఎర్రబరిచిన తుఫాను 13664 గుంపు పుణ్యమే. అదే గుంపు మే 14న అంతకన్నా పెద్ద జ్వాల, ఎక్స్8.7, వెలిగించింది. అప్పటికి అది సూర్యుడి పడమటి అంచుకు జరిగిపోవడంతో మనకు పెద్దగా ఏమీ కాలేదు. కాబట్టి వార్త చూడగానే అడగాల్సింది 'ఎంత పెద్దది?' అని కాదు, 'సీఎంఈ వచ్చిందా, ఎటువైపు?' అని.

ప్రశ్న: సోహో వ్యోమనౌక చిత్రాలు చూసి సీఎంఈ వేగాన్ని మనమే లెక్కగట్టవచ్చా? (వరంగల్ డిగ్రీ విద్యార్థుల నుంచి)

జవాబు: స్కేలు, కాలిక్యులేటరు చాలు. సోహోలోని లాస్కో పరికరానికి చెందిన సీ3 కెమెరా చిత్రాలు తీసుకోండి, నీలం రంగులో ఉంటాయి, దాదాపు 30 సౌర వ్యాసార్ధాల దాకా చూపిస్తాయి. నడుమ ఉన్న నల్లటి బిళ్ల సూర్యుడు కాదు, సూర్యుణ్ని కప్పే మూత. దాని మీద గీసిన తెల్లటి వలయమే సూర్యుడి అసలు పరిమాణం. ఆ వలయం వ్యాసాన్ని స్క్రీన్ మీద మిల్లీమీటర్లలో కొలిచి సగం చేస్తే, అదే 6,96,000 కిలోమీటర్లు.

గంట తేడాతో తీసిన రెండు చిత్రాల్లో సీఎంఈ ముందంచు వలయం కేంద్రానికి ఎంత దూరంలో ఉందో కొలవండి. 8 వ్యాసార్ధాల నుంచి 13కి చేరిందనుకుంటే, జరిగింది 34.8 లక్షల కిలోమీటర్లు. 3,600తో భాగిస్తే సెకనుకు 967 కిలోమీటర్లు. చిత్రం మూలనున్న సమయం యూటీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం; మన సమయం కోసం దానికి ఐదున్నర గంటలు కలుపుకోండి.

ఎక్కువమంది తప్పేది ముందంచు దగ్గరే. ఒక చిత్రంలో పలచటి ముందంచును, మరోదాంట్లో దాని వెనకున్న మెరిసే ముద్దను పట్టుకుంటారు. ఒక చిత్రంలోంచి దాని ముందు చిత్రాన్ని తీసేసిన 'డిఫరెన్స్' చిత్రాలు చూస్తే అంచు స్పష్టంగా దొరుకుతుంది.

ఇంకో చిక్కు: మీరు కొలిచింది పక్కకు కనిపించే వేగమే. సీఎంఈ నేరుగా మనవైపే వస్తుంటే బిళ్ల చుట్టూ వలయంలా ఉబ్బుతుంది, దాన్ని హేలో అంటారు. సూర్యుడి అవతలి వైపు పోతున్నదీ అచ్చం అలాగే కనిపిస్తుంది. అదే వేళకు, సూర్యబింబాన్ని నేరుగా చూసే నాసా ఉపగ్రహం ఎస్‌డీఓ చిత్రాల్లో బింబం మీద జ్వాలో, తంతువు (దారంలా కనిపించే ప్లాస్మా) తెగడమో కనిపిస్తే మనవైపు వస్తోందనుకోవచ్చు. బింబం ప్రశాంతంగా ఉంటే చాలావరకు అవతలిదే.

15 కోట్ల కిలోమీటర్లను 967తో భాగిస్తే 43 గంటలు వస్తుంది. అంత తొందరగా రావడం అరుదు. వేగంగా వచ్చేవాటిని దారిలోని సౌరగాలి (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహం) నెమ్మదింపజేస్తుంది, నిదానంగా వచ్చేవాటిని తోస్తుంది.

ప్రశ్న: ఆ చిత్రాల్లో ఒక్కోసారి మంచు కురిసినట్టు చుక్కలు, శనిగ్రహంలా అడ్డగీత ఉన్న వస్తువు కనిపిస్తాయి. ఏమిటవి?

జవాబు: చుక్కలు వేగంగా వచ్చే ప్రోటాన్లు కెమెరా సీసీడీని, అంటే వెలుగును పట్టే చిప్‌ను, తాకిన గుర్తులు. పెద్ద పేలుడు తర్వాత అవి ముంచెత్తితే ఆ కాసేపు కొలతలు మానుకోవడమే మేలు. అడ్డగీతది ఏదో గ్రహం, తరచుగా శుక్రుడు. వెలుగు ఎక్కువై పిక్సెళ్లు నిండి పక్కకు పొంగిపోతాయి. గ్రహాంతరవాసుల వీడియోలకు మూలం చాలాసార్లు ఇదే.

ప్రశ్న: సోహో ఉండగా మన ఇస్రో సౌర వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 ఎందుకు? (సూళ్లూరుపేట నుంచి)

జవాబు: సోహో లాస్కోలోని సీ1 కెమెరా 1998లోనే పోయింది. మిగిలిన వాటిలో సీ2 కెమెరా మూత సూర్యుడి దగ్గరి ప్రాంతాన్ని కప్పేస్తుంది. సీఎంఈ ఊపందుకునేది అక్కడే. మీ పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్యలోని వెల్క్ కెమెరాను 1.05 వ్యాసార్ధాల నుంచే చూసేలా తయారుచేశారు. దానిలోని సోలెక్స్, హీలియోస్ పరికరాలు జ్వాలల ఎక్స్-కిరణాలను కొలుస్తాయి.

హెచ్చరికకు మరీ పనికొచ్చేది 6 మీటర్ల కడ్డీ మీదున్న మ్యాగ్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం. నౌక సొంత అయస్కాంతత్వాన్ని తీసివేయడానికి 3 మీటర్ల దగ్గర ఒకటి, చివర ఒకటి సెన్సర్లు పెట్టారు. సీఎంఈ తెచ్చే క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే భూమి క్షేత్రంతో కలిసి తుఫాను లేస్తుంది, ఉత్తరానికి ఉంటే చాలావరకు తప్పిపోతుంది. దూరం నుంచి తీసిన చిత్రాల్లో ఈ దిశ తెలియదు, నౌకను దాటేటప్పుడే తెలుస్తుంది. ఆదిత్య మనకు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. సెకనుకు 800 కిలోమీటర్ల వేగంతో వచ్చే సీఎంఈ అయితే మనకు మిగిలేది అరగంట.