మిల్లు పోయిన ఊరి కాగితాలు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. జూటు మిల్లు మూతపడి, కూలీల ఇళ్ల లైన్లన్నీ నేలమట్టమైన మీ తాతగారి ఊరి గురించి రాస్తానన్నావు. చాలా సంతోషం. కలెక్టరాఫీసులో పాత ఫైళ్లు లేవన్నారని టెన్షన్ పడకు.

ముందు ఆ ఊరు ఏ ఏట ఏ జిల్లాలో ఉందో చూసుకో. బొబ్బిలి వైపు ఊళ్లు 1950 దాకా విశాఖపట్నం జిల్లావి. ఆ ఏడు శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. టెక్కలి, సోంపేట వైపైతే 1936 దాకా గంజాం. ఊళ్లు జిల్లాలు మారినప్పుడల్లా కాగితాలన్నీ వాటి వెంట రాలేదు. ఒక పాత దావా కాగితాల కోసం నేను మూడు నెలలు విజయనగరంలోనే తిరిగాను. చివరికి అవి విశాఖలో దొరికాయి. 1953 అక్టోబరుకి ముందు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం కదా, ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాల్సి రావచ్చు.

'జూటు' అన్న మాటొక్కటే పట్టుకుని వెతకకు. మన రైతు వేసింది గోగు. చెరువులో ఊరేసి, ఆ కంపు భరించి నార తీసేవాడు. వ్యాపారుల లెక్కల్లో అదే సరుకు పేరు భీమిలి జూటు. ఒకే పంటకి పొలంలో ఒక పేరు, రేవులో ఒక పేరు.

నన్నడిగితే పెద్ద ఆఫీసుల కంటే ముందు ఊళ్లో ప్రాథమిక పాఠశాలకి వెళ్లు. హెడ్‌మాస్టారుని అడిగి అడ్మిషన్ రిజిస్టరు చూడు. నేను చూసినదాంట్లో 'తండ్రి వృత్తి' గడిలో పేజీల తరబడి 'మిల్లు కూలీ' అనే ఉంది. లాకౌట్ వచ్చిన ఏడాది దగ్గర ఒక పేజీ నిండా ఎర్ర సిరాతో 'టీసీ ఇవ్వడమైనది' అని రాశారు. పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. ఏ ఫైలూ చెప్పని సంగతి ఆ పేజీ చెప్పింది. అలాంటి పేజీ కనపడితే పేర్లన్నీ చేత్తో రాసుకో. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే, రాయడం మానకు.

మనుషుల దగ్గరికి వెళ్లినప్పుడు "మిల్లు ఎప్పుడు మూసేశారు?" అని మొదలుపెట్టకు. "ఏ షిఫ్టు మీది? గేటు బయట బదిలీ వాళ్లు ఎక్కడ నిలబడేవారు?" అని అడుగు. బదిలీ వాళ్లంటే పనికి రానివాళ్ల బదులు ఆ పూటకి పనిలోకి తీసుకునే కూలీలు. ఒక ముసలమ్మ నాకు జవాబు చెప్పకుండా చెయ్యి చాపింది. గోనెలు కుట్టిన సూది గుచ్చుకుని చూపుడువేలి కొస గట్టిపడిపోయింది. ఆవిడ చెప్పిన ఏడాదీ రిజిస్టరులో ఏడాదీ కలవలేదు. రెండూ రాశాను. నువ్వూ అలాగే రాయి.

శ్రీకాకుళం కథానిలయానికి కూడా ఒకసారి వెళ్లిరా. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన లైబ్రరీ అది. మన ప్రాంతం వాళ్లు రాసిన పాత కథలు చదివితే ఆనాటి మాట తీరు తెలుస్తుంది.

వచ్చే ఆదివారం విజయనగరం రా. సోమవారం పొద్దున్నే ఇద్దరం కలిసి ఆ బడికి వెళదాం.

ఆశీస్సులతో,
మీ మాష్టారు