డాక్టర్ సలహా: ఫిజియోథెరపీ చేయిస్తున్నాం కదా, మళ్లీ ఆక్యుపేషనల్ థెరపీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. కిరాణా కొట్టు నడిపేవారు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. ఇప్పుడు కర్ర సాయంతో ఇంట్లో నడుస్తున్నారు. చెయ్యి భుజం ఎత్తు దాకా లేస్తోంది గానీ వేళ్లు ముడుచుకునే ఉంటున్నాయి, కొద్దిగానే తెరుచుకుంటున్నాయి. అన్నం అమ్మే తినిపిస్తోంది. స్నానం, బట్టలు కూడా ఆమే చూస్తోంది. ఎడమ చేత్తో తినమంటే నాన్న ఒప్పుకోరు. ఊరికే చిరాకు పడుతున్నారు, ఒక్కోసారి ఏడుస్తున్నారు. మొన్న చెకప్‌లో న్యూరాలజిస్టు ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అని రాశారు. మా చుట్టుపక్కల ఎవరికీ దాని సంగతి తెలియదు. అదీ ఫిజియోథెరపీ ఒకటేనా? ఎక్కడ చేస్తారు?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: రెండూ ఒకటి కాదమ్మా. మీ నాన్నగారికి రెండూ కావాలి. కండరాల బలం, కీళ్ల కదలిక, నిలబడటం, నడవడం ప్రధానంగా ఫిజియోథెరపిస్టు చూస్తారు. అలా వచ్చిన కదలికతో మనిషి తన పనులు తాను చేసుకునేలా తయారు చేయడం ఆక్యుపేషనల్ థెరపిస్టు బాధ్యత. తినడం, స్నానం, చొక్కా తొడుక్కోవడం, బాత్రూంకి వెళ్లి రావడం, మళ్లీ కొట్లో కూర్చోవడం అన్నీ అందులోకే వస్తాయి. చెయ్యి భుజం ఎత్తుకు లేస్తోందంటే ఫిజియోథెరపీ బాగానే పనిచేసింది. అదే చెయ్యి కంచంలోంచి ముద్ద తీసి నోటి దాకా తీసుకెళ్లాలంటే ఇంకా కొంత దారి ఉంది.

మొదటి రోజు థెరపిస్టు చేసే ముఖ్యమైన పని ఆయన్ని గమనించడం. కంచం ముందు పెట్టి తినమంటారు. చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో చూస్తారు. ముద్ద పట్టుకోవాలంటే ముందు వేళ్లు తెరుచుకోవాలి, తర్వాత బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా రావాలి, మణికట్టు తిరగాలి, మోచెయ్యి ముడవాలి. వీటిలో ఏది కుదరడం లేదు? వేళ్లకు స్పర్శ తెలుస్తోందా? కంచంలో ఒక పక్కనున్న అన్నం కళ్లకు ఆనుతోందా? స్ట్రోక్ (పక్షవాతం) తర్వాత కొందరు కంచంలో సగం అన్నం అలాగే వదిలేస్తారు. ఇంట్లోవాళ్లు ఆకలి లేదనుకుంటారు. నిజానికి ఆ పక్కన అన్నం ఉన్నట్టే వాళ్ల మెదడు గుర్తించదు. ఎడమ పక్క పడిపోయినవారిలో ఇది ఎక్కువ. కారణాన్ని బట్టి సాధన మారిపోతుంది. అందుకే అందరికీ ఒకే వ్యాయామాల చార్టు పనికిరాదు.

చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమని చాలామంది చెబుతుంటారు. మీ నాన్నగారి వేళ్లు మూసుకోవడానికి ఇబ్బంది లేదు, తెరుచుకోవడమే కష్టంగా ఉంది. అలాంటప్పుడు రోజంతా బంతి నొక్కించడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. వేళ్లు చాచి వస్తువు పట్టుకోవడం, పట్టుకున్నది వదలడం సాధన చేయించాలి. ఖాళీ స్టీలు గ్లాసు ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టడం, తువ్వాలు పరిచి మడతపెట్టడం, బల్ల మీది చిల్లర ఏరి డబ్బాలో వేయడం ఇలాంటివే. కిరాణా కొట్టు మనిషికి చిల్లర లెక్కపెట్టడం, నోట్లు విడదీయడం, పొట్లం కట్టడం, పద్దు రాయడం కంటే మంచి వ్యాయామాలు నేను చెప్పలేను. మంచి థెరపిస్టు వాటినే వాడుకుంటారు.

చెయ్యి బిగుసుకుపోకుండా అవసరమైతే స్ప్లింట్ (వేళ్లను, మణికట్టును సరైన తీరులో నిలిపి ఉంచే పట్టీ) తయారు చేసి ఇస్తారు. వేళ్లు, మణికట్టు కొద్దిగానైనా వాటంతట అవి తెరుచుకుంటుంటే ఇంకో పద్ధతి కూడా ఉంది. రోజులో కొన్ని గంటలు మంచి చేతికి గ్లవుజు తొడిగి, దెబ్బతిన్న చేత్తోనే పనులన్నీ చేయిస్తారు. అది ఆయనకు సరిపడుతుందో లేదో థెరపిస్టే చూసి చెప్పాలి. మీ అంతట మీరు మొదలుపెట్టకండి, పడిపోయే ప్రమాదం ఉంది.

ఎడమ చెయ్యి సంగతి. ఎడమ చేత్తో అన్నం తినడం మన ఇళ్లలో చిన్నతనంగా భావిస్తారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అందుకని బలవంతపెట్టకండి, స్పూను అలవాటు చేయండి. స్పూను పిడికి గుడ్డ గాని స్పాంజి గాని చుట్టి లావు చేస్తే కుడి చేత్తోనే పట్టుకోగలరేమో చూడండి. కంచం కింద తడిగుడ్డ వేస్తే జారదు. అంచు ఎత్తుగా ఉన్న కంచమైతే అన్నం బయటికి పోదు.

ఇక మీ అమ్మగారికి ఒక మాట. నాలుగు నెలలుగా ఆమె చేస్తున్న సేవ చిన్నది కాదు. కానీ అన్నీ ఆమే చేసిపెడుతుంటే ఆ చేతికి పని ఉండదు. వాడని చేతిని మెదడు క్రమంగా పక్కన పెట్టేస్తుంది. ఒక్కసారిగా మానేయమని అనడం లేదు. ఏ పనైనా ఆమె మొదలుపెట్టి, ఆఖరి భాగం ఆయనకు వదిలేయాలి. చొక్కా గుండీలన్నీ ఆమె పెట్టి చివరి గుండీ ఆయన్ని పెట్టుకోమనాలి. అది వచ్చాక చివరి రెండు. పావుగంట పడుతుంది, చూసేవాళ్లకు ప్రాణం కొట్టుకుంటుంది. అయినా చెయ్యి వేయకూడదు. చొక్కా తొడిగేటప్పుడు కుడి చెయ్యి ముందు, విప్పేటప్పుడు కుడి చెయ్యి ఆఖరున. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని గాని, చంకలో చెయ్యి వేసి గాని లాగొద్దు. స్ట్రోక్ తర్వాత భుజం కీలు వదులుగా ఉంటుంది, జారిపోతే నొప్పి నెలల తరబడి వదలదు. స్నానానికి వేడినీళ్లు మంచి చేత్తోనే చూసుకోమనండి. స్పర్శ తగ్గిన చేతికి కాలినా తెలియదు. బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీ, కూర్చోవడానికి గట్టి కుర్చీ వెంటనే ఏర్పాటు చేయండి.

స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఆ తర్వాత కూడా సాధన చేస్తే మెరుగుపడతారు, కాకపోతే నెమ్మదిగా. కాబట్టి ఇంకో నెల చూద్దాంలే అనుకోవద్దు. చిరాకు, ఏడుపు గురించి న్యూరాలజిస్టుకు తప్పకుండా చెప్పండి. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. మనిషి డీలాపడితే ఏ థెరపీకీ సహకరించలేరు. మందులతో అది తగ్గుతుంది. బీపీ, షుగర్ మందులు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు ఒక్కపూట కూడా ఆపకండి.

ఈ వైద్యం మనకు కొత్తేమీ కాదు. 1950లోనే ముంబైలోని కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్‌కర్ దీనికి శిక్షణ మొదలుపెట్టారు. ఇన్నేళ్లయినా జిల్లాల దాకా రాకపోవడం బాధాకరం. మన రెండు రాష్ట్రాల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నారు. వారిలో చాలామంది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో పనిచేస్తారు. అలాంటి పిల్లలున్న పాఠకులు జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను చిన్నప్పుడే గుర్తించి సాయపడే కేంద్రం) ఉందేమో కనుక్కోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ మేధోపరమైన వైకల్యమున్న పిల్లల కోసం పనిచేస్తుంది. మానసిక వైద్యశాలల్లో, చెయ్యి ఆపరేషన్లు, కాలిన గాయాలు, వెన్నుపూస దెబ్బలు చూసేచోట కూడా ఈ థెరపిస్టుల అవసరం ఉంటుంది.

మీరు ముందుగా విజయవాడ, విశాఖపట్నంలోని పెద్ద న్యూరో ఆస్పత్రులకు ఫోన్ చేసి, పెద్దవాళ్లకు స్ట్రోక్ రిహాబ్ (పునరావాస చికిత్స) చేసే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్నారా అని సూటిగా అడగండి. హైదరాబాద్‌లో ఇంకాస్త సులువుగా దొరుకుతారు. కొన్నాళ్లు అక్కడే ఉండి చేయించుకునే వీలుంటే వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు వారికి కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ కూడా అందుబాటులో ఉంటుంది. ఎవరి దగ్గరికి వెళ్లినా బీవోటీ లేదా ఎంవోటీ (ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ, పీజీ) చదివారా అని అడగడానికి మొహమాటపడకండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వీరు కూడా వస్తారు.

పాలకొల్లు నుంచి రోజూ వెళ్లి రావడం కుదిరే పని కాదు. మొదటిసారి మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లండి, ఇంట్లో చేయించాల్సింది ఆమే కాబట్టి. బాత్రూం, మంచం, కొట్టు గుమ్మం ఫొటోలు ఫోన్‌లో తీసుకెళ్తే ఎక్కడ ఏం మార్చాలో థెరపిస్టు చెప్పగలరు. ఇంట్లో చేయించాల్సినవి రాయించుకుని, ఆ తర్వాత ఎన్నాళ్లకోసారి రావాలో, మధ్యలో వీడియో కాల్‌లో చూస్తారేమో అడగండి. అక్కడ చెప్పిన సాధనల కాగితం మీ ఊరి ఫిజియోథెరపిస్టుకు చూపిస్తే ఆయన కూడా దాన్ని బట్టి చేయిస్తారు.