అట్టపెట్టె మీది పేరు, తెర మీది వెలుగు

ఈసారి నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలు టీవీలలోని హెచ్‌డీఆర్ (వెలుగునూ నీడనూ మామూలు వీడియో కన్నా ఎక్కువ తేడాతో చూపే పద్ధతి) చుట్టూనే తిరుగుతున్నందున, శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా రిటైరై రెండేళ్లయింది. లక్షన్నర దాకా పెట్టి 65 అంగుళాల మంచి టీవీ కొనాలని ఇంటిల్లిపాదీ అనుకున్నాము. గడియారం సెంటర్ దగ్గర రెండు దుకాణాలు తిరిగాము. ఒకచోట 'డాల్బీ విజన్ లేని టీవీ కొంటే డబ్బులు బూడిదలో పోసినట్టే' అన్నారు. ఇంకొకచోట 'హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటే చాలు, డాల్బీ ఊరికే పేరు' అన్నారు. మా హాలుకు పడమటి వైపు పెద్ద కిటికీ ఉంది. పొద్దున లేచింది మొదలు మధ్యాహ్నం దాకా మా నాన్నగారు వార్తల ఛానల్ పెట్టుకొని కూర్చుంటారు. రాత్రిపూట పిల్లలు ఓటీటీలో సినిమాలు చూస్తారు. మేము ఏది కొనాలి? – ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ మీరు ముందుగా తెలుసుకోవలసిన సంగతిని ఇద్దరూ చెప్పలేదు. డాల్బీ విజన్ అయినా, హెచ్‌డీఆర్10 ప్లస్ అయినా ఏ దృశ్యాన్ని ఎంత వెలుగుతో చూపాలో టీవీకి అందే సూచనలు మాత్రమే. ఆ సూచనలను అమలు చేసేంత వెలుగు, ఆ వెలుగు పక్కనే నిలబడగలిగేంత చిక్కటి నలుపు మీరు కొనే ప్యానెల్‌లో ఉన్నాయా లేవా అన్నది అసలు ప్రశ్న.

మామూలు వీడియోను సుమారు 100 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగును దృష్టిలో పెట్టుకొని తయారు చేస్తారు. హెచ్‌డీఆర్ సినిమాను 1000 నిట్లకు, కొన్నిసార్లు 4000 నిట్లకు తీర్చిదిద్దుతారు. గర్భగుడిలో వెలిగే దీపాన్ని తెర మీద ఊహించుకోండి. మామూలు వీడియోలో ఆ మంట ఒక తెల్లటి మచ్చగా మిగిలిపోతుంది, వెనుక గోడ నల్లటి ముద్ద అవుతుంది. అదే దృశ్యాన్ని హెచ్‌డీఆర్‌లో తీసి మంచి టీవీలో చూపితే వత్తి మొదట్లోని నీలిరంగు, దాని పైన పసుపు, కొసన సన్నటి ఎరుపు విడివిడిగా కనిపిస్తాయి, వెనుక రాతి మీద పేరుకున్న నూనె జిడ్డు కూడా మెరుస్తుంది. ఎక్కువ ధర పెట్టి కొనే టీవీ నుంచి మనం ఆశించవలసింది ఇదే.

ఇక ఆ పేర్ల సంగతి. 2015లో వచ్చిన హెచ్‌డీఆర్10 ఎవరికీ రుసుము కట్టనక్కర్లేని ప్రమాణం కాబట్టి, హెచ్‌డీఆర్ అని రాసి ఉన్న దాదాపు ప్రతి టీవీలోనూ ఉంటుంది. దానిలో సినిమా మొత్తానికి కలిపి ఒకే సూచన వస్తుంది. అంతకు ముందే, 2014లో ప్రకటించిన డాల్బీ విజన్ షాటు షాటుకూ వేరువేరు సూచనలు పంపుతుంది, 12 బిట్ల రంగుకు, అంటే మరింత సన్నటి రంగు మెట్లకు, చోటిస్తుంది, టీవీ తయారీదారు దానికి లైసెన్సు రుసుము చెల్లించాలి. 2017లో శాంసంగ్, అమెజాన్ కలిసి ముందుకు తెచ్చిన హెచ్‌డీఆర్10 ప్లస్ కూడా షాటు షాటుకూ సూచన ఇచ్చేదే, అయితే దీనికి రాయల్టీ లేదు. ఇవి కాక ప్రత్యక్ష ప్రసారాల కోసం బీబీసీ, జపాన్‌కు చెందిన ఎన్‌హెచ్‌కే కలిసి రూపొందించిన హెచ్ఎల్‌జీ ఉంది. పేరున్న కంపెనీల టీవీలన్నిటిలో అది ఎలాగూ వస్తుంది కనుక మీరు దాని కోసం వెతకనక్కర్లేదు.

ఒకే సూచనకూ, షాటు షాటుకూ వచ్చే సూచనకూ తేడా ఏమిటో సాగర్ ఎడమ కాలువ కింద సాగు చేసినవారికి సులభంగా అర్థమవుతుంది. పంటకాలం మొదట్లో తూమును ఒకసారి తిప్పి అలాగే వదిలేయడం ఒక పద్ధతి. ఏ రోజు ఏ మడికి ఎంత కావాలో చూసుకుంటూ దించడం, ఎత్తడం రెండో పద్ధతి. రెండోదే మేలన్నది నిజమే, కానీ కాలువలోనే నీరు లేనప్పుడు తూమును ఎంత నేర్పుగా తిప్పినా చివరి ఆయకట్టు తడవదు. కాలువ నిండుగా పారుతున్నప్పుడు మొదటి పద్ధతిలోనూ పొలం ఎండిపోదు. టీవీ ప్యానెల్ ఇవ్వగల వెలుగు ఆ కాలువ నీటి వంటిది. 1000 నిట్లకు తీర్చిదిద్దిన సినిమాను 1000 నిట్లు దాటే టీవీలో చూస్తే హెచ్‌డీఆర్10కూ డాల్బీ విజన్‌కూ తేడా కనిపెట్టడం కష్టం. వెలుగు అంతంతమాత్రంగా ఉన్న టీవీలోనే షాటు షాటుకూ వచ్చే సూచన ఎక్కువ అక్కరకు వస్తుంది, కానీ అక్కడ అద్భుతాలు మాత్రం జరగవు.

కంపెనీల విషయానికి వస్తే, శాంసంగ్ తన టీవీలలో ఇప్పటివరకు డాల్బీ విజన్ పెట్టలేదు, ఎల్‌జీ, సోనీ హెచ్‌డీఆర్10 ప్లస్ పెట్టలేదు. టీసీఎల్, హైసెన్స్, పానాసోనిక్ చాలా మోడళ్లలో రెండూ ఇస్తున్నాయి. ఒకటి లేనంత మాత్రాన సినిమా ఆగిపోదు. హెచ్‌డీఆర్10 ప్లస్‌లోని అదనపు సూచనను అర్థం చేసుకోలేని టీవీ దాన్ని వదిలేసి మామూలు హెచ్‌డీఆర్10గా చూపుతుంది. డాల్బీ విజన్ లేని టీవీకి ఓటీటీ సంస్థలు అదే సినిమాను హెచ్‌డీఆర్10గా పంపుతాయి. నెట్‌ఫ్లిక్స్ అయితే 2025 మార్చి నుంచి హెచ్‌డీఆర్10 ప్లస్‌నూ ఇస్తున్నది. అందువల్ల, మిగతావన్నీ సమానంగా ఉన్న రెండు టీవీలు మీ ముందు ఉంటే రెండు ఫార్మాట్లూ ఉన్నదాన్ని తీసుకోండి. సమానంగా లేకపోతే మాత్రం ఫార్మాట్ పేరు చూసి ప్యానెల్‌లో రాజీ పడకండి.

మీ ఇంటికి ఏ ప్యానెల్ సరిపోతుందో మీ ఉత్తరంలోనే ఉంది. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, తనంతట తాను పూర్తిగా ఆరిపోతుంది. అందుకే చీకటి గదిలో రాత్రిపూట సినిమా చూడడానికి దాన్ని మించినది నాకు కనిపించలేదు. మీ ఒక్కరి కోసం, మీ పడకగది కోసం అయితే దాన్నే చెప్పేవాడిని. కానీ పడమటి కిటికీ నుంచి ఎండ పడే హాలులో దాని గొప్పతనం సగం కనిపించదు. పైగా వార్తల ఛానల్ లోగో, కింద పరుగెత్తే స్క్రోలింగ్ పట్టీ రోజూ గంటల తరబడి ఒకేచోట ఉంటే కొన్నేళ్లకు వాటి మరక తెర మీద శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. కొత్త ఓఎల్ఈడీలలో దీనికి రక్షణలు ఉన్నప్పటికీ, నాన్నగారిని వార్తలు చూడవద్దని చెప్పే పరిస్థితి తెచ్చుకోవడం ఎందుకు? మీరు మినీ ఎల్ఈడీ తీసుకోండి. దానిలో తెర వెనుక చిన్న చిన్న ఎల్ఈడీలు జోన్లుగా విడిపోయి, అవసరమైన చోట పెరుగుతూ, అక్కర్లేని చోట తగ్గుతూ ఉంటాయి. 'క్యూఎల్ఈడీ' అని మాత్రమే రాసి ఉంటే సరిపోదు, అది రంగుకు సంబంధించిన మాట. లోకల్ డిమ్మింగ్ ఉందా, జోన్లు ఎన్ని, గరిష్ఠ వెలుగు ఎన్ని నిట్లు అని పట్టుబట్టి అడగండి. ప్యానెల్ 120 హెర్ట్జ్‌ది (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగలిగేది) అయితే క్రికెట్ బంతి చెదరడం కూడా కొంత తగ్గుతుంది.

దుకాణంలో ఒక పని చేయండి. అక్కడ టీవీలన్నీ కళ్లు జిగేలుమనే వివిడ్ మోడ్‌లో, పూలు, చేపలు, జలపాతాలు చూపుతూ ఉంటాయి. మోడ్‌ను సినిమాకో, ఫిల్మ్‌మేకర్‌కో మార్చమని అడిగి, రాత్రి దృశ్యం ఉన్న ఒక సినిమాను సబ్‌టైటిళ్లతో పెట్టించండి. నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాల చుట్టూ పాలు ఒలికినట్టు మసక వెలుగు పాకుతుంటే జోన్లు తక్కువని అర్థం. అక్షరాలు కోసినట్టు నిలిచి, చుట్టూ నలుపు నలుపుగానే ఉంటే ఆ టీవీ గురించి ఆలోచించవచ్చు. తరువాత సోఫాలో పక్కకు కూర్చునేవారి చోటు నుంచి కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే చాలా ఎల్ఈడీ తెరలలో పక్క నుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది. 65 అంగుళాల తెరకు ఆరున్నర నుంచి తొమ్మిది అడుగుల దూరం బాగుంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిందన్నది ధర మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి.

ప్రశ్న: నిరుడు 43 అంగుళాల 4కే టీవీ తీసుకున్నాము. పెట్టె మీద హెచ్‌డీఆర్10 అని ఉంది. విచిత్రమేమంటే మామూలు సినిమాలు బాగానే కనిపిస్తాయి, 'హెచ్‌డీఆర్' అని మూలన చూపించే సినిమాలే చీకటిగా, మొహాలు కనిపించకుండా వస్తున్నాయి. టీవీ పాడయిందా? – ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పాడు కాలేదమ్మా. కొత్త టీవీ కొని, అందులో గొప్పదని చెప్పిన సినిమాయే బాగా కనిపించకపోతే మనసు ఎంత నొచ్చుకుంటుందో అర్థం చేసుకోగలను, కాబట్టి కారణం కొంచెం వివరంగా చెబుతాను.

మామూలు వీడియోలో 'ఈ మొహం తెర వెలుగులో ఇంత వంతు' అని మాత్రమే ఉంటుంది. 100 నిట్ల కోసం తయారైన ఆ బొమ్మను మీ టీవీ తన శక్తికొద్దీ సాగదీసి రెండు మూడు రెట్ల వెలుగుతో చూపుతుంది. పట్టపగలు హాలులో కూడా అందుకే అది నిండుగా కనిపిస్తుంది. హెచ్‌డీఆర్10లోనూ డాల్బీ విజన్‌లోనూ పద్ధతి వేరు. అక్కడ ప్రతి బిందువు ఎన్ని నిట్లు ఉండాలో లెక్కగా రాసి ఉంటుంది. మొహానికి 60 నిట్లు అని రాసి ఉంటే టీవీ 60 నిట్లే చూపడానికి ప్రయత్నిస్తుంది. చీకటి గదిలో కూర్చుని సినిమాను తీర్చిదిద్దినవారు ఆ మొహాన్ని మెత్తటి నీడలో ఉంచి, దాని వెనుక కిటికీనో దీపాన్నో 800 నిట్లతో వెలిగించి ఉంటారు. అందులోని అందమంతా ఆ తేడాలోనే ఉంది. మీ టీవీ ధరలో దొరికే ప్యానెళ్లు సాధారణంగా 250, 300 నిట్లు దాటవు. వాటిలో లోకల్ డిమ్మింగ్ ఉండదు. అందుకని ఆ కిటికీ వెలగదు, దాన్ని తనకున్న వెలుగులో ఇరికించే ప్రయత్నంలో మొహం ఇంకా మసకబారుతుంది. సంకేతాన్ని చదవగలిగితే చాలు, పెట్టె మీద ఆ పేరు రాసుకోవచ్చు. చూపగల శక్తి ఉందా అని ఆ పేరు చెప్పదు. కొనేవారికి ఈ తేడా తెలియజేయని అమ్మకం సరైనది కాదని నా గట్టి అభిప్రాయం.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగానే పిక్చర్ సెట్టింగ్స్ తెరవండి, ఎందుకంటే హెచ్‌డీఆర్‌కు సెట్టింగులు విడిగా ఉంటాయి, మామూలు వీడియోలో మార్చినవి దీనికి వర్తించవు. బ్యాక్‌లైట్‌ను పూర్తిగా పెంచండి. కరెంటు ఆదా చేసే ఎకో మోడ్‌ను, గది వెలుగును బట్టి తెర వెలుగు తగ్గించే సెన్సర్‌ను ఆపేయండి. మీరు చెబుతున్న లక్షణానికి చాలా ఇళ్లలో ఇవే సగం కారణం. దృశ్యాన్ని బట్టి వెలుగును తెర శక్తికి సర్దే 'డైనమిక్ టోన్ మ్యాపింగ్' అని ఉంటే పెట్టుకోండి. ఇవన్నీ చేసి, పరదాలు వేసి చూసినా బాగా లేకపోతే, టీవీకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్ ద్వారా చూస్తున్నట్లయితే దాని డిస్‌ప్లే సెట్టింగులలో ఎస్‌డీఆర్ (మామూలు వీడియో) ఎంచుకోండి. హెచ్‌డీఆర్‌ను వదులుకోవడం ఓటమి ఏమీ కాదు, మీ తెరకు సరిపడే బొమ్మను మీరు ఎంచుకుంటున్నారు.

ప్రశ్న: మాది పట్టుచీరల వ్యాపారం. కొనేవారికి వీడియో తీసి పంపుతాము. మా చీరలోని ఎరుపు ఫోన్‌లో ఒకలాగా, దుకాణంలోని టీవీలో ఇంకోలాగా ఉంటుంది. ఖరీదైన హెచ్‌డీఆర్ టీవీ కొంటే అసలు రంగు కనిపిస్తుందా? – ఒక పాఠకుడు, భూదాన్ పోచంపల్లి

జవాబు: కొంతవరకు కనిపిస్తుంది, కానీ షరతులున్నాయి. మామూలు వీడియోకు కేటాయించిన రంగుల పరిధి చిన్నది. చిక్కటి ఎరుపు, నెమలి నీలం వంటివి దాని అంచు దాటితే అక్కడే ఆగిపోయి చదునుగా మారతాయి. ఇక్కత్ అంచులో ఎరుపు పక్క రంగులోకి కొద్దిగా ఒలికే ఆ ఈకల వంటి గీతలు కూడా దాంతోపాటే కలిసిపోతాయి. హెచ్‌డీఆర్‌లో పరిధి పెద్దది, పైగా ఒక్కో మూలరంగుకు 256 మెట్లకు బదులు 1024 మెట్లు ఉంటాయి. అయితే ఫోన్‌లో వీడియోను కూడా హెచ్‌డీఆర్‌లో తీసి ఉండాలి, టీవీని వివిడ్ నుంచి ఫిల్మ్‌మేకర్ మోడ్‌కు మార్చి ఉండాలి. ఆ మోడ్‌లో తెర మొదట్లో పసుపుగా, నీరసంగా అనిపిస్తుంది. రెండు రోజులు ఓపిక పట్టండి, కన్ను అలవాటు పడుతుంది. మీ కొనుగోలుదారు ఫోన్‌లో ఏ రంగు వస్తుందో మాత్రం మీ టీవీ నిర్ణయించలేదు కాబట్టి, కేవలం వ్యాపారం కోసమే అయితే ఈ ఖర్చు పెట్టవద్దు. పగటి వెలుగులో, నీడపట్టున, తెల్లటి గుడ్డ పక్కన పెట్టి చీరను వీడియో తీయడం వల్ల అంతకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

ప్రశ్న: డాల్బీ విజన్ ఉన్న టీవీయే కొన్నాము. స్టిక్‌ను సౌండ్‌బార్‌కు, సౌండ్‌బార్‌ను టీవీకి కలిపాము. ఏ సినిమా పెట్టినా డాల్బీ విజన్ అని రావడం లేదు. – ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందుగా మీ ఓటీటీ ప్లాన్ చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే, హెచ్‌డీఆర్ ప్రీమియం ప్లాన్‌లో మాత్రమే వస్తాయి, ఇంటర్నెట్ వేగం 15 ఎంబీపీఎస్ దాకా నిలకడగా ఉండాలి. అది సరిగ్గానే ఉంటే అనుమానం సౌండ్‌బార్ మీదకు వెళ్తుంది. మధ్యలో ఉన్న పరికరం డాల్బీ విజన్‌ను దాటించలేనిదైతే టీవీ దాకా అది చేరదు. స్టిక్‌ను నేరుగా టీవీకి కలిపి, సౌండ్‌బార్‌ను టీవీలోని ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టుకు మార్చండి. ఆ తరువాత టీవీ సెట్టింగులలో స్టిక్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టుకు 'ఎన్‌హాన్స్‌డ్' అన్న ఫార్మాట్ ఎంచుకోండి. చాలా టీవీలలో ఇది మొదట ఆపివేసి ఉంటుంది. అప్పటికీ రాకపోతే పాత కేబుల్ తీసేసి 18 జీబీపీఎస్ తట్టుకునే ప్రీమియం హై స్పీడ్ కేబుల్ వేసి చూడండి. స్టిక్ కూడా డాల్బీ విజన్ ఉన్న మోడలేనా అన్నది దాని పెట్టె మీద రాసి ఉంటుంది.